మనవరాలి అడుగుకు అమ్మమ్మ గిటారు

ప్రశ్న: నా వయసు 58. హైదరాబాద్ విద్యానగర్‌లో ఉంటాం. పెళ్లికి ముందు చాలా ఏళ్లు వీణ నేర్చుకున్నాను. ఉద్యోగం, పిల్లల చదువులు, అత్తగారి అనారోగ్యం, వీటి మధ్య వీణ మూలన పడింది. బడి నుంచి రిటైరయ్యాక రెండేళ్లుగా క్లాసికల్ గిటారు నేర్చుకుంటున్నాను. మా తొమ్మిదేళ్ల మనవరాలు బ్యాలే క్లాసుకు వెళుతోంది. దాని కోసం, బ్యాలే సంగీతాన్ని గిటారుకు సులభం చేసి ఇచ్చిన పుస్తకం ఒకటి కొనుక్కున్నాను. స్వాన్ లేక్ వాయిస్తుంటే విని మా మేనల్లుడు ‘ఇవి పిల్లల పాఠాలు అత్తయ్యా, అసలుది నేర్చుకోండి’ అన్నాడు. అప్పటి నుంచి ఆ పుస్తకం తెరవాలంటే చిన్నతనంగా ఉంది. నట్‌క్రాకర్‌లోని పూల వాల్ట్జ్ (మూడు దెబ్బల లయలో నడిచే నాట్య సంగీతం) వాయించబోతే రెండు మూడు బార్లకోసారి, అంటే కొన్ని దెబ్బలకొక భాగంగా విడదీసిన చోట్ల, బొటనవేలు ఆగిపోతుంది. ‘నువ్వు ఆగితే నేను తూలిపోతున్నాను అమ్మమ్మా’ అంటుంది పిల్ల. అది నాట్యం చేయగలిగేలా నేను ఎప్పటికైనా వాయించగలనా? ఏది ముందు నేర్చుకోవాలి?

సమాధానం: అమ్మా, ముందు ఆ పుస్తకం తెరవండి. మీ మేనల్లుడు ప్రేమతోనే అని ఉంటాడు. కానీ అతను చెప్పిన ‘అసలుది’ గిటారుకు లేనే లేదు. స్వాన్ లేక్‌ను రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ రాసింది పెద్ద వాద్యబృందం కోసం. 1877లో మాస్కో బోల్షోయ్ థియేటర్‌లో తొలిసారి ప్రదర్శించిన ఆ బ్యాలేలో మీరు వాయిస్తున్న ఆ పాట ఓబో అనే ఊదే వాద్యానిది. దాని కింద హార్ప్ అనే మీటే తీగల వాద్యం, వయొలిన్లు నడుస్తుంటాయి. ఆ సంగీతం ఆరు తీగల మీదికి వచ్చిందంటే, వాయించేది ఎంతటి విద్వాంసుడైనా సరే, ఎవరో ఒకరు కూర్చుని స్వరాలు ఏరి కుదించినట్టే. ఎంత కుదించారు, ఏది ఉంచారు అన్నంత వరకే తేడా.

చైకోవ్‌స్కీ కూడా ఈ పని చిన్నతనమనుకోలేదు. 1892లో నట్‌క్రాకర్ సంగీతాన్ని పియానోకు కుదించే బాధ్యత ఆయన శిష్యుడు, గొప్ప పియానిస్టు సెర్గేయ్ తనేయెవ్ తీసుకున్నారు. ఆ పాఠం మామూలు వేళ్లకు కొరుకుడు పడనంత కష్టంగా తయారైంది. అప్పుడు చైకోవ్‌స్కీ తన సంగీతాన్ని తానే మరోసారి, ఈసారి సులభంగా, పియానోకు రాసి ఇచ్చారు. ఇక ఆ కాలంలో రష్యాలో నర్తకులు రోజూ సాధన చేసింది వాద్యబృందంతో కాదు. సాధన గదిలో రెండు వయొలిన్లు ఉండేవి. ఒకటి పాటను పలికిస్తే రెండోది దానికి తోడు నడిచేది. అంత పెద్ద బ్యాలేలు కాళ్లకు అలవాటైంది ఆ పల్చటి సంగీతంతోనే.

మన గిటారు వాళ్ల సంగతి కూడా చెప్పాలి. మీ మాస్టారు మీ చేత ఫెర్నాండో సోర్ అభ్యాసాలు వాయింపించే ఉంటారు. బార్సిలోనాలో పుట్టిన ఆ సోర్ గిటారుకే కాదు, బ్యాలేలకూ సంగీతం రాశారు. సిండ్రెల్లా కథతో ఆయన కూర్చిన బ్యాలే 1822లో లండన్‌లో ప్రదర్శితమైంది. 1825లో మాస్కోలో కొత్త బోల్షోయ్ థియేటర్ తలుపులు తెరిచినప్పుడు ఆడిన బ్యాలే కూడా అదే. ఆయన భార్య ఫెలిసిటీ హులిన్ మాస్కోలో పేరున్న నర్తకి. ఆ బ్యాలేలోని మార్చ్‌ను (కవాతు పాటను) సోర్ తానే గిటారుకు కుదించుకున్నారు. కాబట్టి బ్యాలేను గిటారు మీదికి తేవడం పిల్లల పుస్తకాల వాళ్లు మొదలుపెట్టిన పని కాదు. మీరు కూర్చున్నది చాలా పాత వరుసలో.

అయితే సులభం చేసిన పాఠాలన్నీ ఒకటి కావు. మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. స్వరాలు తగ్గించి సులభం చేయడం ఒక పద్ధతి. కాలం తగ్గించి సులభం చేయడం ఇంకొకటి. మొదటిది వాయించేవారికి మేలు చేస్తుంది, రెండోది నాట్యాన్ని చంపుతుంది. కార్డులో (ఒకేసారి మోగే స్వరాల గుంపులో) నాలుగు స్వరాలున్నచోట రెండే ఉంచినా, అలంకారంగా వచ్చే చిన్న స్వరాలు తీసేసినా, వేళ్లకు అందని శ్రుతి నుంచి అందే శ్రుతికి మార్చినా పాటకు వచ్చే నష్టం తక్కువ. నాట్యం చేసేవారికైతే ఏ నష్టమూ లేదు. కానీ ఎడమ చేతికి కష్టమని ఒక బార్ ఎగరగొట్టినా, చుక్క పెట్టి పొడిగించిన స్వరాన్ని మామూలు స్వరంగా సరిచేసినా, కాలు కింద పెట్టాల్సిన చోట నేల ఉండదు.

బ్యాలే క్లాసులో లెక్క ఎనిమిదిలో నడుస్తుంది. వాల్ట్జ్ అయితే ఒక్కో బార్‌ను ఒక్కో లెక్కగా తీసుకుని ఎనిమిది బార్లకు ఒక వాక్యం పూర్తి చేస్తారు. వీణ నేర్చుకున్న మీకు ఆది తాళం ఎనిమిది అక్షరాలు చేతిలోనే ఉన్నాయి, కనుక ఇది కొత్త కాదు. నట్‌క్రాకర్‌కు ముందు నాట్య రచయిత మరియస్ పెటిపా చైకోవ్‌స్కీకి ఏ సన్నివేశానికి ఎన్ని బార్లు కావాలో, ఎలాంటి సంగీతం కావాలో వివరంగా రాసిచ్చారు. అంత లెక్క పెట్టి అడిగిన బార్లను ఎవరో పుస్తకంలో పట్టడం లేదని కత్తిరించేస్తే మీ మనవరాలు తూలదా మరి?

అందుకని ఈ వారం గిటారు పక్కన పెట్టి, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. పూల వాల్ట్జ్ పాఠంలో బార్లకు వరుసగా అంకెలు వేయండి. తర్వాత వాద్యబృందం వాయించిన రికార్డింగ్ పెట్టుకుని తాళం వేస్తూ అదే వాక్యాన్ని లెక్కపెట్టండి. ఎనిమిదికి ఎనిమిది సరిపోతే ఆ పుస్తకాన్ని నమ్మవచ్చు. ఎక్కడైనా ఏడు వచ్చినా, ఆరు వచ్చినా అక్కడ గుర్తు పెట్టి మీ మాస్టారికి చూపించండి. పోయిన బార్‌ను ఒక్క మంద్ర స్వరంతోనైనా నింపి ఇవ్వడం ఆయనకు పెద్ద పని కాదు. మొదట్లో వచ్చే హార్ప్ ఆలాపన పుస్తకంలో లేకపోతే మాత్రం బెంగ పడవద్దు, వాల్ట్జ్ అడుగులు ఆ తర్వాతే మొదలవుతాయి. ఇంకో మాట: తీగ, మెట్టు అంకెలు మాత్రమే ఇచ్చి ఏ స్వరం ఎంతసేపు నిలవాలో చెప్పని పాఠాలతో బ్యాలే సంగీతం నేర్చుకోలేం. మీ పుస్తకం అలాంటిదైతే దాన్ని మార్చండి.

ఇక ఏది ముందు అంటే, స్వాన్ లేక్‌తోనే మొదలుపెట్టండి. మీరు వాయించే ఆ ఘట్టంలో కష్టమైన అడుగులేమీ ఉండవు. సరస్సు మీద హంసలు సాగిపోయే చోట వచ్చే సంగీతం అది. మనవరాలు చేతులు మాత్రం కదిపినా అందంగా ఉంటుంది. మీరు ఒక వెంట్రుకవాసి ఆలస్యమైనా తట్టుకుంటుంది. మూలంలో అది బి మైనర్, గిటారు పుస్తకాల్లో తరచుగా ఏ (A) మైనర్‌కో ఈ (E) మైనర్‌కో దించుతారు. మీది ఏ (A) మైనర్ అయితే అయిదో తీగను షడ్జమం అనుకోండి. మొదటి వాక్యం ‘ప’ దగ్గర నిలిచి, కిందికి దిగి ‘స రి గ మ’ అంటూ ఎక్కి మళ్లీ అదే ‘ప’ను చేరుతుంది. అన్నీ నటభైరవి రాగ స్వరాలే. పంచమం మొదటి తీగ, రిషభం రెండో తీగ, రెండూ వట్టిగా మోగేవే. వేలు పెట్టి నొక్కాల్సినవి మూడే: మూడో తీగ రెండో మెట్టు మీద షడ్జమం, రెండో తీగ ఒకటో మెట్టు మీద గాంధారం, మూడో మెట్టు మీద మధ్యమం. సంగీతం తెలిసిన చెవి మీకు ముందే ఉంది కాబట్టి ఈ వాక్యం కాగితం చూడకుండా వచ్చేస్తుంది.

కష్టమంతా ఆ మొదటి పంచమంలో ఉంది. ఓబో ఊపిరి ఉన్నంతసేపు స్వరాన్ని నిలబెడుతుంది. గిటారులో మీటిన క్షణం నుంచే నాదం తరుగుతుంది. వీణ చేతులకు అక్కడ ఏం తోస్తుందో నాకు తెలుసు, తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపాలనిపిస్తుంది. వట్టి తీగ కనుక ఊపలేరు, అది ఎండిపోయినట్టు వినిపించి బాధేస్తుంది. రెండు ఉపాయాలున్నాయి. అదే పంచమాన్ని రెండో తీగ అయిదో మెట్టు మీద పట్టి, వేలిని తీగ పొడుగునా మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించండి, పక్కకు మాత్రం లాగవద్దు. లేదా దాన్ని వట్టిగానే మోగనిచ్చి, కింద తోడుగా నడిచే స్వరాలను ఆగకుండా, చాలా మెత్తగా నడిపించండి. మూలంలో ఓబోను మోసేది హార్ప్ మీటులే, ఆ పనిని గిటారు సహజంగా చేస్తుంది. పాటను ఉంగరం వేలికి అప్పగించి, తోడు స్వరాలను బొటనవేలు, చూపుడు వేలు, నడివేలుతో సగం బలంతో మీటండి.

వీణ నుంచి వచ్చిన ఇంకో అలవాటు మీకు తెలియకుండానే అడ్డుపడుతూ ఉండవచ్చు. వీణలో తాళపు తీగలు మోగుతూనే ఉండాలి, అది దాని అందం. గిటారులో మంద్రపు వట్టి తీగ అలాగే మోగుతూ ఉంటే తర్వాతి కార్డు బురదవుతుంది. మంద్రం ఏ (A) నుంచి ఈ (E) కి మారిన తర్వాత కూడా అయిదో తీగ మోగుతోందంటే అది మీకు వినసొంపుగానే ఉండవచ్చు, కానీ నాట్యం చేసే పిల్లకు కొత్త అడుగు ఎక్కడ మొదలైందో తెలియదు. కొత్త మంద్ర స్వరం మీటగానే బొటనవేలిని పాత తీగ మీద ఆనించి దాన్ని ఆపండి. మొదట ఇది చాలా చికాకుగా ఉంటుంది. పాఠం నుంచి విడదీసి, ఎడమ చేయి లేకుండా, నాలుగు, అయిదు, ఆరు తీగల మీద ఈ ఒక్క పనినే రోజూ కాసేపు చేయండి.

ఇప్పుడు మీ వాల్ట్జ్ దగ్గరికి వద్దాం. బొటనవేలు ఆగిపోతోందన్నారు. అది బొటనవేలి తప్పు కాకపోవచ్చు. కార్డు మారే చోట ఎడమ చేయి ఆలస్యమవుతుంది, కార్డు మొత్తం కుదిరే దాకా బొటనవేలు మర్యాదగా వేచి ఉంటుంది. అలా వేచి ఉండవలసిన అవసరం వాల్ట్జ్‌లో లేదు. ఒకటో దెబ్బకు కావలసింది మంద్ర స్వరం ఒక్కటే, కార్డు రెండు, మూడు దెబ్బలకు కదా. పూల వాల్ట్జ్ డి మేజర్‌లో ఉంటుంది. అందులో తరచుగా తగిలే డి, ఏ అనే రెండు మంద్ర స్వరాలూ నాలుగో, అయిదో తీగల మీద వట్టిగానే దొరుకుతాయి. అంటే ఎడమ చేతి వేళ్లు ఇంకా గాలిలో ఉండగానే మీరు ఒకటో దెబ్బ వేసేయవచ్చు, కార్డు కుదుర్చుకోవడానికి ఒక పూర్తి దెబ్బ వ్యవధి మీ చేతికి మిగులుతుంది. ముందు మంద్రం, తర్వాత కార్డు అని వేళ్లకు నేర్పండి. మెట్రొనోమ్‌ను (లయ కొట్టే పరికరాన్ని) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని, పాట లేకుండా ఈ తోడును మాత్రమే ఎనిమిది బార్లు నడపండి. అది విసుగు పుట్టించేంత తేలికయ్యాక పాటను కలపండి.

రెండు, మూడు దెబ్బలను ఒకటో దెబ్బ అంత గట్టిగా వేయకండి. మూడూ సమానంగా పడితే అడుగు పైకి లేవదు. మీ మనవరాలు క్లాసులో బాలన్సే అనే అడుగు నేర్చుకుని ఉంటే, దాన్ని మీ ఎదురుగా ఒకసారి చేయమనండి. ఒకటికి బరువు ఒక కాలి మీదికి వాలుతుంది, రెండు, మూడు లెక్కల్లో శరీరం తేలికవుతుంది. అది కళ్లారా చూస్తే మీ చేతికి బరువు ఎక్కడ వేయాలో నేను రాసే పది వాక్యాల కంటే బాగా తెలుస్తుంది.

తప్పు వస్తే వెనక్కి వెళ్లి దిద్దుకోవడం మీరు వెంటనే మానేయవలసిన పని. ఒంటరి సాధనలో దిద్దుకోండి, పిల్ల నిలబడి ఉన్నప్పుడు మాత్రం వద్దు. పాట తప్పితే పాటను వదిలేసి మంద్రం నడపండి. కార్డు తప్పితే కార్డును వదిలేయండి. ఒకటో దెబ్బ ఒక్కటి మిగిలినా పిల్ల తూలదు. రవీంద్రభారతిలో కూచిపూడి చూసినప్పుడు నట్టువాంగం పట్టిన గురువు కళ్లు ఎక్కడుంటాయో గమనించే ఉంటారు. తాళాలు చేతిలో ఉంటాయి, చూపు నర్తకి పాదాల మీద ఉంటుంది. మీరూ అక్కడికి చేరాలి. అందుకోసం వాల్ట్జ్‌లో మొదటి పదహారు బార్లైనా పుస్తకం చూడకుండా వచ్చేలా చేసుకోండి. మొత్తం పాఠం కంఠతా రావాలని పట్టుబట్టవద్దు, ఆ పదహారు బార్లనే మళ్లీ మళ్లీ తిప్పి వాయిస్తే తొమ్మిదేళ్ల పిల్లకు సరిపడా నాట్యం అవుతుంది. మొదలుపెట్టే ముందు నాలుగు బార్లు తోడు మాత్రమే వాయించి వేగం చూపండి, బ్యాలే క్లాసులో పియానో వాయించేవారు చేసేది అదే. వేగం ఎంత ఉండాలో తనే చెప్పనివ్వండి. మరీ మెల్లగా వాయించినా కష్టమే సుమా, గాలిలోకి లేచిన కాలు మీ కోసం అక్కడే ఆగదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: తప్పకుండా వాయించగలరు. బొటనవేలు దారికి రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు, అది వయసు వల్ల కాదు, ఇరవై ఏళ్ల వాళ్లకూ అంతే పడుతుంది.

ఈ రెండూ కుదిరాక నట్‌క్రాకర్‌లోనే షుగర్ ప్లమ్ ఫెయిరీ నాట్యం తీసుకోండి. ఫౌంటెన్‌లో నీటి చుక్కలు పడుతున్నట్టు ఉండాలని పెటిపా కోరితే, చైకోవ్‌స్కీ అప్పుడప్పుడే పుట్టిన సెలెస్టా అనే వాద్యాన్ని దానికోసం ఎంచుకున్నారు. మూలమే ఈ మైనర్‌లో ఉంది, ఆరో తీగ వట్టిగా మోగే శ్రుతి కనుక గిటారుకు సుఖం. కింది స్వరాలను కుడి అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి పొట్టిగా మీటండి. వాక్యం చివరి స్వరాన్ని పన్నెండో మెట్టు మీద వేలు తగిలీ తగలకుండా మీటితే గంట మోగినట్టు వస్తుంది. ఆ ఒక్క స్వరానికే పిల్ల మొహం వెలుగుతుంది చూడండి. అదే బ్యాలేలోని రష్యన్ నాట్యం జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. దాని ప్రాణమంతా వేగంలో ఉంది, ఎంత సులభం చేసినా మెల్లగా వాయిస్తే అందులో ఏమీ మిగలదు.

మన ఊరివాళ్లం కనుక ఇదీ చెబుతాను. 1877లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెటిపా కూర్చిన లా బయాదేర్ అనే బ్యాలే కథ భారతదేశంలో జరుగుతుంది. అందులోని రాజు గోల్కొండ రాజు. కథ మనదని సంగీతంలో మన రాగాలు వెతకకండి, లుడ్విగ్ మిన్కస్ రాసినవన్నీ యూరప్ వాల్ట్జ్‌లూ నెమ్మదైన పాటలూను. నాట్యం కోసమే కొలిచి కుట్టిన పాటలు కావడంతో గిటారుకు కుదించడం తేలిక. గోల్కొండ కోట చూపించి వచ్చిన ఆదివారం సాయంత్రం అందులోంచి ఒక వాల్ట్జ్ వాయించి పెడితే పిల్లకు ఆ బ్యాలే జన్మలో మరపురాదు.

మీ మేనల్లుడికి గిటారు పరిచయం ఉంటే అతన్ని దూరం పెట్టకండి, పనిలోకి దించండి. మీ పుస్తకంలోని పాటను అతను వాయిస్తే, తోడు మీరు వాయించండి. పీటర్స్‌బర్గ్ సాధన గదిలో రెండు వయొలిన్లు పంచుకున్నట్టే ఇద్దరూ పని పంచుకోవచ్చు. రెండు గిటార్లున్నప్పుడు ఎవరి చేతికీ భారం ఉండదు, పిల్ల ఆగకుండా నాట్యం చేస్తుంది. ఆ సాయంత్రం అయ్యాక ఆ పాఠాలు ఎవరివన్న మాట అతనే మళ్లీ ఎత్తడు.

చివరగా మీ నడుము సంగతి. ఉత్తరంలో మీరు రాయలేదు కానీ, ఎడమ పాదం కింద పీట పెట్టుకుని గంటసేపు కూర్చుంటే ఈ వయసులో నడుము పట్టేస్తుంది. రెండు పాదాలూ నేల మీదే ఉంచి, గిటారును తొడ మీద ఎత్తి నిలిపే ఆధారాలు సంగీత వాద్యాల దుకాణాల్లో దొరుకుతాయి, అది వాడండి. ఏప్రిల్, మే నెలల్లో మన పొడి ఎండలకు చెక్క బీటలు వారే ప్రమాదం ఉంది, వాయించని వేళల్లో గిటారును పెట్టెలోనే ఉంచండి. పూల వాల్ట్జ్ కోసం మీ పుస్తకం ఆరో తీగను డి కి దించమంటే, దించిన తర్వాత ఆ తీగ కాసేపు నిలకడగా ఉండదు. పిల్లను పిలిచే ముందు మరోసారి శ్రుతి సరిచూసుకోండి.